గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో నడుస్తూ తినడం ఎలా: సియోల్ వెళ్లే తెలుగువాళ్లకు స్టెప్ బై స్టెప్ గైడ్

గ్వాంగ్‌జాంగ్ అంటే కొరియా రాజధాని సియోల్‌లో తిండి బండ్లకి పేరున్న పాత మార్కెట్. "సియోల్ వెళ్తున్నాం, గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో ఏం తినొచ్చు?" అని అడిగేవాళ్లలో చాలామంది అసలు ప్రశ్న వేరు. "తినకూడనిది ప్లేట్‌లోకి రాకుండా ఎలా చూసుకోవాలి? మోసపోకుండా ఎలా బయటపడాలి?" అన్నదే వాళ్ల టెన్షన్. ఈ గైడ్ ఆ రెండింటి కోసమే.

ముందే ఒక మాట. ఈ మార్కెట్‌లో ఎక్కువ డబ్బు పోయినా, నచ్చనిది తిన్నా, అసలైనది మిస్సయినా చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది: లోపలికి అడుగు పెట్టగానే మొదట పిలిచినచోట కూర్చోవడం. కింద చెప్పిన స్టెప్పులన్నీ ఆ ఒక్క పని చేయకుండా ఉండటానికే.

## 1. ముందు రోజు చేసుకోవాల్సినవి

మ్యాప్. కొరియాలో గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుని నడవలేం. నడక దారి సరిగా చూపించదు. నేవర్ మ్యాప్ గానీ, కకావో మ్యాప్ గానీ వేసుకోండి. రెండూ ఇంగ్లీషులో పనిచేస్తాయి. ఏ ఎగ్జిట్ నుంచి బయటికి రావాలో కూడా చెప్తాయి.

అనువాదం. పాపగో యాప్ పెట్టుకోండి. కెమెరా ఆన్ చేసి మెనూ బోర్డు మీద పెడితే అర్థం వచ్చేస్తుంది. కొన్ని వంటల పేర్లను తమాషాగా మారుస్తుంది గానీ, పంది మాంసమా, చేపా అన్నది తెలియడానికి సరిపోతుంది.

స్క్రీన్‌షాట్లు. జనం మధ్య నిలబడి టైప్ చేయడం కుదరదు. కాబట్టి హోటల్ గదిలోనే మీ ఆహార నియమాలను పాపగోలో కొరియన్‌లోకి మార్చి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "నేను వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. చేప సాస్, ఎండు చేపల రసం చాలామంది లెక్కలో మాంసం కిందికి రావు. అందుకే ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయండి: "బీఫ్, పంది మాంసం, చికెన్, చేప, రొయ్య, చేప సాస్, మాంసం లేదా చేప వేసి మరిగించిన రసం తినను. ఇందులో ఇవేమైనా ఉన్నాయా?" గుడ్డు తినకపోతే అదీ చేర్చండి. నువ్వులు, వేరుశనగ, సోయా వంటివి పడనివాళ్లు దాన్ని వేరే స్క్రీన్‌షాట్‌గా పెట్టుకోవాలి. నువ్వుల నూనె ఇక్కడ చాలా వంటల్లో ఉంటుంది.

డబ్బు. కొరియా అంతా కార్డు మీదే నడుస్తుంది. ఇలాంటి పాత మార్కెట్లలో మాత్రం నగదుకే విలువ. కార్డు తీసుకునే బండ్లు పెరిగాయి కానీ, మన దేశపు కార్డు ప్రతి మెషిన్‌లోనూ పనిచేస్తుందని నమ్మకం లేదు. వెయ్యి, ఐదు వేలు, పది వేల వన్ (కొరియా కరెన్సీ) నోట్లుగా మార్చుకుని వెళ్లండి. 50,000 వన్ నోటు ఇచ్చి రెండు వేల సరుకు కొంటే చిల్లర కోసం అమ్మేవాళ్ల మొహం ఎలా ఉంటుందో మన సంతల్లో చూసిందే. లెక్క కోసం వెయ్యి వన్‌ని అరవై రూపాయల దరిదాపుగా అనుకోండి. ఆ రోజు రేటు మాత్రం చూసుకోండి.

ఒక మనిషికి 20,000 నుంచి 25,000 వన్ చేతిలో ఉంటే నాలుగైదు రకాలు హాయిగా రుచి చూడొచ్చు. పచ్చి బీఫ్, సీఫుడ్ లాంటివి తినేవాళ్లు ఇంకో 20,000 కలుపుకోవాలి.

బయలుదేరే ముందు చెక్‌లిస్ట్

- చిన్న నోట్లు (వెయ్యి వన్ నోట్లు కనీసం ఐదారు)
- రైలుకి టీ-మనీ కార్డు (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు), అందులో తిరుగు ప్రయాణానికి సరిపడా బ్యాలెన్స్. స్టేషన్ మెషిన్లలో రీఛార్జ్‌కి కూడా నగదే చేతిలో ఉంచుకోండి
- పాపగో, నేవర్ మ్యాప్, స్క్రీన్‌షాట్లు
- తడి టిష్యూలు, ఒక ఖాళీ కవరు (సియోల్ వీధుల్లో చెత్తడబ్బా దొరకడం చాలా కష్టం)
- నీళ్ల సీసా
- నూనె మరక పడినా బాధ లేని బట్టలు, మూసి ఉండే బూట్లు
- పవర్ బ్యాంక్

సూట్‌కేసులతో అస్సలు వెళ్లొద్దు. సబ్‌వే స్టేషన్లలో లాకర్లు ఉంటాయి, అందులో పడేయండి. మార్కెట్ సందుల్లో ఇద్దరు మనుషులు ఎదురైతేనే పక్కకి తిరిగి నడవాలి.

## 2. ఏ రోజు, ఏ టైమ్‌కి

వారం మధ్యలో ఉదయం పది నుంచి పదకొండున్నర మధ్య మంచి సమయం. పెనాలు వేడెక్కి ఉంటాయి, గుంపు ఇంకా రాదు, అమ్మేవాళ్లకి మీ స్క్రీన్‌షాట్ చదివే ఓపిక ఉంటుంది. శాకాహారులైతే ఈ టైమ్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. ఏం ఉంది, ఏం లేదు అని అడగడానికి తీరిక కావాలి కదా.

భోజనాల వేళ దాటాక, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు కూడా పర్వాలేదు. శనివారం సాయంత్రం మాత్రం జనం మిమ్మల్ని నడిపిస్తారు, మీరు నడవరు.

తిండి బండ్లు ఉదయం తొమ్మిది ప్రాంతంలో మొదలై రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఉంటాయి. బట్టల కొట్లు సాయంత్రానికే మూస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు. పట్టు, హాన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) కూడా చూడాలనుకుంటే ఆదివారం వద్దు. సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం), చుసొక్ (పంటల పండగ) రోజుల్లో చాలా బండ్లు ఉండవు. ఆ వారంలో వెళ్లేవాళ్లు తేదీలు చూసుకోండి.

వాన, చలి గురించి: మార్కెట్ మీద పైకప్పు ఉంది కాబట్టి వాన అడ్డం కాదు. జనవరిలో మాత్రం గేట్ల నుంచి గాలి కోస్తుంది. కొన్ని బండ్ల దగ్గర కూర్చునే బల్ల కింద కరెంటు వేడి పెడతారు. చలికాలంలో అలాంటిది కనబడితే వదలకండి.

## 3. చేరుకోవడం

రెండు స్టేషన్లు దగ్గర:

1. జొంగ్నో 5-గా, లైన్ 1. ఎగ్జిట్ 8 నుంచి బయటికి వస్తే మార్కెట్ ఉత్తరం వైపు గేటు పక్కనే. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే సులువు.
2. ఉల్జిరో 4-గా, లైన్ 2, లైన్ 5. ఎగ్జిట్ 4. ఉత్తరం వైపు నడిచి, చొంగ్యేచొన్ కాలువ దాటితే దక్షిణం గేటు.

సువాన్‌లో ఉద్యోగం, చదువు చేసుకునే తెలుగువాళ్లకి లైన్ 1 నేరుగా వస్తుంది, మారే పని లేదు. ఇంచియాన్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేవాళ్లు ఎయిర్‌పోర్ట్ రైల్లో సియోల్ స్టేషన్‌కి వచ్చి, లైన్ 1 ఎక్కితే నాలుగో స్టాప్.

బాత్రూమ్ పని స్టేషన్‌లోనే ముగించుకోండి. మార్కెట్‌లోనూ ఉన్నాయి గానీ క్యూ ఉంటుంది.

## 4. మొదటి రౌండ్: ఏమీ కొనకుండా నడవండి

ఇది అందరూ వదిలేసే స్టెప్. ఆకలితో వెళ్తాం, వాసన లాగుతుంది, "రండి, కూర్చోండి" అని ఇంగ్లీషు ముక్కల్లో పిలుస్తారు. నవ్వి, తల కొద్దిగా వంచి, ఆగకుండా ముందుకి నడవండి. తప్పేం లేదు, రోజూ వేలమంది అలాగే వెళ్తారు.

ఉత్తరం గేటు నుంచి లోపలికి నడిస్తే రెండు దారులు అడ్డంగా కలిసే కూడలి వస్తుంది. తిండి బండ్లు గుత్తులుగా ఉండేది ఆ చుట్టుపక్కలే. కూడలి నుంచి నాలుగు వైపులా ఒక్కోసారి చివరిదాకా వెళ్లి రండి. పదిహేను, ఇరవై నిమిషాల పని.

ఈ రౌండ్‌లో చూడాల్సినవి:

- ధరల బోర్డు ఉందా, అందులో ఎన్ని ముక్కలో, ఎంత బరువో రాశారా
- పెనం మీద నూనె రంగు ఎలా ఉంది
- వండినవి గుట్టగా పేర్చి ఉన్నాయా, అడిగాక వేడిగా వేస్తున్నారా
- స్థానికులు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు ఎక్కడ కూర్చున్నారు
- కార్డు తీసుకుంటారన్న గుర్తు ఉందా

ఇంకో చిన్న కిటుకు. కొరియాలో తిండి అమ్మేచోట మాంసం, బియ్యం, కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) వంటివి ఏ దేశం నుంచి వచ్చాయో బోర్డు మీద రాయాలనే నియమం ఉంది. పాపగో కెమెరాని ఆ బోర్డు మీద పెట్టండి. "పంది మాంసం: ఫలానా దేశం" అని కనిపిస్తే ఆ వంటింట్లో పంది మాంసం ఉన్నట్టే. మెనూ చదవడం కంటే ఇది త్వరగా తేలుతుంది.

బాగా పొడుగు క్యూ చూసి కంగారుపడకండి. టీవీలోనో, వీడియోల్లోనో వచ్చిన బండి దగ్గర ఎప్పుడూ క్యూ ఉంటుంది. నాలుగడుగుల పక్కన అదే వంట చేసే బండి ఖాళీగా ఉంటుంది. నన్నడిగితే ఒక్క క్వాబెగి (మెలితిప్పిన డోనట్) కోసం తప్ప దేనికీ అరగంట నిలబడనక్కర్లేదు.

## 5. ఏది ఎవరికి: ప్లేట్‌లో నిజంగా ఏముంది

"మేం నాన్‌వెజ్ తింటాం, మాకేం ఇబ్బంది లేదు" అనుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇరుక్కుంటారు. మన ఇళ్లలో నాన్‌వెజ్ అంటే కోడి, మేక, చేప, రొయ్య. ఈ మార్కెట్‌లో మాంసం అంటే ముఖ్యంగా పంది, బీఫ్. కోడి తక్కువ, మేక మాంసం ఊసే ఉండదు. బీఫ్, పోర్క్ తినని మాంసాహారి కూడా ఇక్కడ దాదాపు శాకాహారిలాగే జాగ్రత్తపడాలి.

పూర్తి శాకాహారులు మొదట చూడాల్సినవి

*చిన్న కింబప్.* వేలెడు పొడుగున ఉండే అన్నం చుట్టలు. సముద్రపు నాచు రేకులో అన్నం, క్యారెట్, పసుపు రంగు ముల్లంగి ఊరగాయ పెట్టి చుట్టి, పైన నువ్వుల నూనె రాస్తారు. ఆవాల ఘాటున్న సోయా సాస్‌లో ముంచుకుని తినాలి. మయక్ కింబప్ అని అడిగితే ఇదే ఇస్తారు. కొన్ని బండ్లలో హామ్ (పంది మాంసం), గుడ్డు, చేప కేకు (చేప ముద్దతో చేసేది) కూడా పెడతారు కాబట్టి ఒకటి విప్పి చూపించమని అడగండి.

*హొట్టొక్.* లోపల బెల్లం రంగు పంచదార, గింజలు పెట్టి పెనం మీద నొక్కి కాల్చే తీపి రొట్టె. లోపలి పాకం కాలిపోతూ ఉంటుంది. కొరకగానే చొక్కా మీద కారకుండా కాగితపు కప్పుని గడ్డం కింద పెట్టుకోండి. కూరగాయలు పెట్టిన రకం కూడా దొరుకుతుంది.

*పట్‌జుక్, హొబాక్‌జుక్.* మొదటిది ఎర్ర చిక్కుడు గింజల జావ, రెండోది గుమ్మడి జావ. మిరపకాయ, నూనె ఏమీ ఉండవు. కడుపు బాలేని పెద్దవాళ్లకి చాలా మంచివి. వీటిని ఎవరూ ఫొటో తీయరు, అందుకే క్యూ కూడా ఉండదు.

*సిక్హ్యే.* బియ్యంతో చేసే చల్లటి తియ్యటి పానీయం. మద్యం కాదు.

*క్వాబెగి.* పంచదార అద్దిన మెలిక డోనట్. పిండిలో గుడ్డు, పాలు ఉండొచ్చు. గుడ్డు తినకపోతే స్క్రీన్‌షాట్ చూపించి అడగండి.

బయటికి శాకాహారంలా కనిపించి, కానివి

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి.

*బిందెట్టొక్.* ఈ మార్కెట్‌కి పేరు తెచ్చిన వంట. పొట్టు తీసిన పెసరపప్పు నానబెట్టి, కళ్లెదుటే తిరిగే రాతి తిరగలిలో రుబ్బి, మొలకలు కలిపి ఎక్కువ నూనెలో మందంగా వేయిస్తారు. మన పెసరట్టుకి దూరపు చుట్టం, కాకపోతే బాగా లావు చేసింది. పప్పు, తిరగలి చూసి మనవాళ్లు "ఇది మనదే" అని కూర్చుంటారు. ఆ పిండిలో చాలాసార్లు కిమ్చీ కలుపుతారు. కిమ్చీలో ఉప్పు రొయ్యో, చేప సాసో ఉంటుంది. కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు, పంది కొవ్వు కూడా వాడతారు. పక్కనే మాంసం గారెలు వేయిస్తుంటే నూనె, పెనం కూడా అవే.

చేప సాస్‌తో ఇబ్బంది లేనివాళ్లు మాంసం కలపని పెసర రకం అడిగి తినండి. పూర్తి శాకాహారులు దీన్ని చూసి ఆనందించి ముందుకు సాగడమే మంచిది. "మాంసం తీసేసి ఇవ్వండి" అంటే కుదరదు. పిండి పొద్దున్నే కలిపేసి ఉంటుంది.

*టోక్‌బోక్కి.* ఎర్రటి సాస్‌లో బియ్యపు పిండి కడ్డీలు. రసం చాలాచోట్ల ఎండు నెత్తళ్లతో మరిగిస్తారు, పైగా చేప కేకులు అందులోనే ఉడుకుతాయి. ఆ ఎరుపు చూసి పిల్లలకి కారం అని భయపడతాం. గుంటూరు కారం తిన్న నాలుకకి అది తీపిగానే తగులుతుంది.

*కల్‌గుక్సు.* చేత్తో కోసిన గోధుమ నూడుల్స్. చూడ్డానికి ఉత్త నీళ్ల చారులా ఉంటుంది. ఆ చారు మామూలుగా నెత్తళ్లు, గుల్లలతో చేస్తారు.

*మాందు.* ఆవిరి మీద ఉడికించిన పొట్లాలు. కిమ్చీ మాందు అన్నా లోపల పంది మాంసం ఉండటం మామూలే.

*పుల్లకి గుచ్చిన ఒముక్.* చేప కేకు. పక్కన కాగితపు కప్పులో వేడివేడిగా ఇచ్చే రసం కూడా చేపదే. చేప తినేవాళ్లకి చలికాలంలో దీన్ని మించింది లేదు.

తెలిసి తినాల్సినవి

*సుందే.* పేరు చూసి ఐస్‌క్రీమ్ అనుకోవద్దు. పంది పేగులో గాజు నూడుల్స్, పంది రక్తం నింపి ఉడికించింది.

*యుక్‌హ్వే.* సన్నగా తరిగిన పచ్చి బీఫ్. పైన పచ్చి గుడ్డు సొన, పక్కన పియర్ పండు ముక్కలు. దీనికంటూ ఒక సందే ఉంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పొద్దున్నే విమానం దిగి కడుపు సర్దుకోనివాళ్లు దూరంగా ఉండాలి.

*సన్నక్జి.* అప్పుడే కోసిన ఆక్టోపస్. ముక్కలు ప్లేట్‌లో కదులుతుంటాయి, గొంతుకి అంటుకునే ప్రమాదం ఉంది. పందెం కోసం మింగకండి. తినాలనుకుంటే నువ్వుల నూనెలో ముంచి బాగా నమిలి తినాలి. మద్యం తాగి దీని జోలికి పోవద్దు.

*పొందెగి.* ఉడికించిన పట్టుపురుగు ప్యూపాలు. వాసన ముందే వస్తుంది, నిర్ణయం అక్కడే తీసుకోవచ్చు.

హలాల్ కచ్చితంగా పాటించేవాళ్లు ఇక్కడ తీపి రకాలు, జావలకి పరిమితమై, భోజనానికి ఇతెవాన్ (సియోల్‌లో హలాల్ హోటళ్లుండే ప్రాంతం) వెళ్లడం తేలిక.

## 6. కూర్చునే ముందు మూడు ప్రశ్నలు

2023 చివర్లో ఇక్కడ 15,000 వన్‌కి అమ్మిన కలగలుపు గారెల ప్లేట్‌లో ముక్కలు మరీ తక్కువున్నాయని ఒక వీడియో వచ్చి, కొరియాలో పెద్ద గొడవైంది. ఆ తర్వాత ధరతో పాటు పరిమాణం కూడా రాయాలని ఒత్తిడి పెరిగింది. విదేశీయులనే కాదు, సొంత ఊరివాళ్లూ ఇక్కడ అడిగే కూర్చుంటారు. కాబట్టి మొహమాటం వద్దు.

నిలబడి ఉండగానే అడగండి:

1. ఎంత? "ఒల్మాయెయో?" జవాబు వినడంతో సరిపెట్టకండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి అంకె కొట్టమనండి.
2. ఎన్ని ముక్కలు, ఎంత సైజు? పక్కవాళ్ల ప్లేట్ వైపు చేయి చూపించి "అంతేనా?" అన్నట్టు సైగ చేసినా అర్థమవుతుంది.
3. ఏముంది ఇందులో? "యొగి గోగి తురొగాయో?" అంటే ఇందులో మాంసం వేస్తారా అని. వెంటనే స్క్రీన్‌షాట్ చూపించండి.

"మోడుమ్" అన్న మాట వినబడితే జాగ్రత్త. అది కలగలుపు ప్లేట్. మీరు ఒకటి అడిగితే పెద్దది తీసుకోమని మెల్లగా మళ్లించడం కొన్నిచోట్ల ఉంది. వద్దనుకుంటే మీకు కావాల్సినదాన్ని వేలితో చూపించి "హనా జుసెయో", ఒకటి ఇవ్వండి అని మళ్లీ చెప్పండి.

కూర్చుంటే ఆర్డర్ చేయాలి, అది ఇక్కడి పద్ధతి. నలుగురు కూర్చుని ఒక్క కింబప్ చెప్తే బాగోదు. కొన్నిచోట్ల మనిషికొకటి చెప్పాలని బోర్డే పెడతారు. ఇద్దరు కూర్చుని, ఇద్దరు నిలబడి పార్సిల్ తీసుకోవడం ఒక దారి. "పోజాంగ్ హె జుసెయో" అంటే కట్టి ఇస్తారు.

పిలవడానికి "సాజంగ్‌నిమ్" అంటే ఎవరికైనా సరిపోతుంది. నడివయసు ఆవిడని "ఇమో" అంటే, మనం పిన్నీ అన్నట్టే, కొంచెం ఎక్కువ నవ్వుతారు. టిప్పు ఇవ్వక్కర్లేదు. నోట్లు ఇచ్చేటప్పుడు, గిన్నె అందుకునేటప్పుడు రెండు చేతులు వాడండి.

ఫొటోల సంగతి: తిండిని ఎంతైనా తీసుకోండి. వండే ఆవిడ మొహాన్ని అడక్కుండా తీయొద్దు. కొరియాలో దీన్ని నిజంగానే పట్టించుకుంటారు. సెల్ఫీ స్టిక్ పెట్టి వీడియో తీస్తూ దారికి అడ్డం నిలబడితే వెనక నుంచి బండి తోసుకొచ్చే మనిషి అరుస్తాడు, అతని తప్పేం లేదు.

## 7. తినే వరుస

కడుపు ఒకటే, బండ్లు వందలు. వరుస కుదరకపోతే రెండో బండి దగ్గరే కథ ముగుస్తుంది.

స్టెప్ 1. చిన్నది, చల్లారినా బాగుండేది: కింబప్. ఆకలి మంట తగ్గుతుంది, ఆలోచన పనిచేస్తుంది.

స్టెప్ 2. వేడిగానే తినాల్సిన నూనె వంటకం ఒక్కటే. తినేవాళ్లయితే బిందెట్టొక్. ఇద్దరికి ఒకటి చాలు. అంచులు ముందు తినండి, కరకర అక్కడే ఉంటుంది. పక్కన ఇచ్చే సోయా సాస్‌లో నానిన ఉల్లిపాయ ముక్క ప్రతి ముద్దకీ ఉండాలి, లేకపోతే నూనె ముఖం మొత్తుతుంది.

స్టెప్ 3. పది నిమిషాలు నడక. బట్టల వైపు వెళ్లండి. పట్టు గుడ్డలు, దుప్పట్లు, పై అంతస్తులో పాత బట్టల కొట్లు ఉంటాయి.

స్టెప్ 4. వెచ్చనిది, పలచనిది: జావ, లేదా కల్‌గుక్సు. కూర్చుని నెమ్మదిగా తినాల్సింది ఇదే.

స్టెప్ 5. తీపి. హొట్టొక్ గానీ, క్వాబెగి గానీ. రెండూ కావాలంటే క్వాబెగి కట్టించుకోండి, గంటసేపు బాగానే ఉంటుంది. హొట్టొక్ ఉండదు.

పచ్చి మాంసం తినేవాళ్లు దాన్ని స్టెప్ 2కి బదులు పెట్టుకోండి, చివర్లో కాదు. నూనె వంటల తర్వాత దాని రుచి తెలియదు.

మక్కొల్లి (బియ్యపు మద్యం) తాగేవాళ్లు ఒక సీసా ఇద్దరు ముగ్గురు పంచుకుంటే చాలు. తియ్యగా ఉందని వరసగా తాగితే, లేచి నిలబడ్డాక తెలుస్తుంది.

కారం లేక నోరు చప్పబడే బాపతు అయితే జేబులో చిన్న కారప్పొడి పొట్లం పెట్టుకోండి. నవ్వుతారేమో గానీ ఎవరూ ఏమీ అనరు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, అక్కడికక్కడ సర్దుబాట్లు

చెప్పిన ధర ఒకటి, అడుగుతున్నది ఒకటి. గొంతు పెంచకండి. బోర్డు వైపు చూపించి, క్యాలిక్యులేటర్‌లో అంకె మళ్లీ కొట్టమనండి. చాలాసార్లు మీరు చెప్పని మరో ప్లేట్ లెక్కలో కలిసి ఉంటుంది, అక్కడే తేలిపోతుంది.

కార్డు పనిచేయలేదు. దగ్గర్లోని కన్వీనియన్స్ స్టోర్‌లో గానీ, బ్యాంకులో గానీ "గ్లోబల్" అని రాసి ఉన్న ఏటీఎం వెతకండి. మామూలు ఏటీఎంలు విదేశీ కార్డుని వెనక్కి తోసేస్తాయి. ఈ తిప్పలు తినేశాక పడకుండా, కూర్చునే ముందే కార్డు చూపించి తల ఊపారో లేదో చూడండి.

నోట్లో పెట్టాక మాంసం తగిలింది. టిష్యూలోకి తీసేసి, ప్లేట్ పక్కన పెట్టేయండి. మొహం ముడుచుకుని గొడవ పడితే ప్రయోజనం ఉండదు, వాళ్లు కావాలని పెట్టింది కాదు. తర్వాతి బండి దగ్గర స్క్రీన్‌షాట్ ముందు, ఆర్డర్ తర్వాత.

మరీ ఎక్కువ వచ్చేసింది. పోజాంగ్ అడగండి. పచ్చి మాంసం, చేపలు మాత్రం కట్టించుకోవద్దు.

ఒకరినొకరు తప్పిపోయారు. లోపల సందులన్నీ ఒకేలా ఉంటాయి. గేట్లకి పేర్లు, నంబర్లు ఉన్నాయి. లోపలికి వెళ్లేముందే మీరు వచ్చిన గేటు బోర్డుని అందరి ఫోన్లలో ఫొటో తీయించండి, "తప్పిపోతే ఇక్కడికే" అని చెప్పండి.

చెత్త చేతిలోనే మిగిలింది. కొన్న బండి దగ్గరికే తిరిగి ఇస్తే తీసుకుంటారు. పక్క బండి డబ్బాలో వేస్తే మాత్రం ఒప్పుకోరు.

## 9. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్తే

బండ్ల దగ్గర కూర్చునేవి వీపు ఆనని చిన్న బల్లలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అరగంట కూర్చోలేరు. సందుల పక్కన తలుపులున్న చిన్న హోటళ్లు ఉంటాయి. పెద్దవాళ్లని అందులో కూర్చోబెట్టి జావో, నూడుల్సో చెప్పండి. బండ్ల రుచి కావాలంటే మీరు తెచ్చిపెట్టొచ్చు, కాకపోతే ఆ హోటల్‌లో బయటి తిండి ఒప్పుకుంటారో లేదో ముందు అడగాలి.

స్ట్రోలర్ వద్దు. చంటిపిల్లని ఎత్తుకునే బెల్టు నయం. దారికి అటూ ఇటూ పిల్లల ఎత్తులోనే కాగే నూనె పెనాలుంటాయి, కాబట్టి నడిచే పిల్లల చేయి వదలకండి.

మాంసం వాసనే పడని పెద్దవాళ్లు ఉంటే నిజం చెప్తున్నా, వాళ్లని ఇక్కడికి తీసుకురాకండి. పుల్లల మీద చేప, పక్కన పంది తలకాయలు, ఆ పక్కన రక్తం నింపిన పేగులు. వాళ్లు మీ మాట కాదనలేక వచ్చి, ముక్కు మూసుకుని నడుస్తారు. మాంగ్వాన్ మార్కెట్ (లైన్ 6, మాంగ్వాన్ స్టేషన్) ఇంటి సరుకులు, కూరగాయలు, పండ్లు, తీపి వంటకాలు కలిసిన పేట మార్కెట్. మాంసం, చేపల కొట్లు అక్కడా ఉంటాయి కాబట్టి, వాళ్లని వాటికి దూరంగా నడిపించండి.

## 10. బయటికి వచ్చే దారి

వచ్చిన గేటు నుంచే వెళ్లిపోకండి. దక్షిణం గేటు నుంచి బయటికి వస్తే ఎదురుగా చొంగ్యేచొన్ కాలువ. మెట్లు దిగితే నీళ్ల పక్కనే నడకదారి ఉంటుంది, పైన కార్ల చప్పుడు కూడా తగ్గుతుంది. తిన్నది అరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

- ఎడమకి, అంటే తూర్పుకి నడిస్తే ఇరవై నిమిషాల లోపు దొంగ్దెమున్. రాత్రి బట్టల మార్కెట్లు చూసేవాళ్లకి ఇటే.
- కుడికి, పడమరకి వెళ్తే కాలువ మొదలయ్యే చొంగ్యే ప్లాజా వరకు వెళ్లొచ్చు. దాదాపు రెండు కిలోమీటర్లు ఉంటుంది, మధ్యలో ఎక్కడైనా మెట్లెక్కి రైలు అందుకోవచ్చు.
- కాలువ దాటి ఎదురుగా బాంగ్‌సాన్ మార్కెట్. కేకులు చేసే సామాన్లు, ప్యాకింగ్ డబ్బాలు చవగ్గా దొరుకుతాయి. ఇంట్లో బేకింగ్ చేసేవాళ్లు ఒక ఖాళీ సంచి తెచ్చుకోండి, ఆదివారం మాత్రం ఇటు రావద్దు.

వేసవి జడివాన పడుతుంటే కాలువలోకి దిగొద్దు. నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి, అప్పుడు దారులు మూసేస్తారు. అలాంటి రోజు ఉత్తరం గేటు నుంచే వెనక్కి వెళ్లి జొంగ్నో 5-గాలో లైన్ 1 ఎక్కేయండి.